యంత్రం ఊపిరి పీల్చే చోట

సుక్రే,
మార్చి 11

తమ్ముడు రోములోకి,

నువ్వూ గ్రిసెల్దా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ వానలు ఇంకా వదల్లేదు. ప్రెస్సు గదిలో కాగితపు కట్టలు చెమ్మెక్కి, వేలు ఆనిస్తే తడిసిన అప్పడాల్లా వంగిపోతున్నాయి.

అసలు సంగతికి వస్తాను. మా బ్రెయిలీ ప్రెస్సులో ఇరవయ్యేళ్లు చాకిరీ చేసిన కంప్యూటరు పోయిన వారం పోయింది. "పాపం, కళ్లు మూసింది" అన్నాను. అచ్చు యంత్రం నడిపే దోన్ క్రిసోలొగో నీకు తెలుసుగా, ఉన్నది ఒక కన్నే, నోళ్లు మాత్రం రెండు. "ఈ ప్రెస్సులో కళ్లు మూసుకున్నవాళ్లే గదా పని చేసేది! దీనికేం మాయరోగం?" అన్నాడు.

మామూలు అక్షరాలను చుక్కలుగా మార్చి యంత్రానికి పంపే మా ప్రోగ్రాము పాతికేళ్ల కిందట విండోస్ కోసం రాసింది. రాసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇప్పటి విండోస్ దాన్ని గుమ్మం తొక్కనివ్వడం లేదు. డైరెక్టరు దోన్ అనీబల్ అందర్నీ కూర్చోబెట్టి, "ఇంక అచ్చు ఆపేద్దాం. పిల్లలందరి దగ్గరా ఫోన్లున్నాయి. పాఠాలు చదివి రికార్డు చేసి వినిపిస్తే సరి" అన్నాడు.

"మీ అమ్మాయికి కూడా అక్షరాలు మాన్పించి రేడియో పెడుతున్నారా, దోన్ అనీబల్?" అన్నాను. నోరు జారిందనుకో. అయినా వినడం వేరు, చదవడం వేరు. లెక్క చెవిలో పడితే నిలవదు. వేలి కింద ఉంటే ఎన్నిసార్లయినా వెనక్కి పోవచ్చు.

అప్పుడు నీ పేరెత్తాను. "విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్ మీద నడిపించే దుబాసీ ఒకటుంది. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి కడుతున్నారు, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ కట్టేవాళ్లలో మా తమ్ముడొకడు. ఏడేళ్లుగా ప్రతి ఆదివారం దాని ముందే కూర్చుంటాడు" అని చెప్పాను. యూనివర్సిటీ వాళ్లిచ్చిన లినక్స్ కంప్యూటరు మీద క్రిసోలొగో దాన్ని ఎక్కించాడు. ప్రోగ్రాము తెరుచుకుందిరా! కొత్త విండోస్ పొమ్మన్నదాన్ని మీ దుబాసీ "రా, కూర్చో" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త నిటారుగా నిలబడ్డాను కూడా.

తర్వాత అచ్చయిన కాగితం నా చేతికొచ్చింది. 'కువాదెర్నో' అని ఉండాల్సిన చోట 'కువానో' అని ఉంది. నోటుపుస్తకం కాస్తా 'గ్వానో'లా, అంటే పక్షిరెట్టలా వినిపించింది. ప్రతి పేజీ నిండా ఇలాంటివే. ఎక్కడో అక్షరాలు రాలిపోతున్నాయి.

డిసెంబరులో టీచర్ ట్రైనింగ్ కాలేజీ ప్రవేశ పరీక్ష. చూపులేనివాళ్లకు బ్రెయిలీ ప్రశ్నపత్రం ఇస్తామని ఈసారే మొదటిసారిగా ఒప్పుకున్నారు. మా వాళ్లు ఐదుగురు రాస్తున్నారు. వాళ్లలో పొతోసీ వైపు గనుల ఊరి నుంచి వచ్చిన ప్రిమితీవా యూక్రా ఉంది, ఇరవై రెండేళ్ల పిల్ల, లెక్కలంటే ప్రాణం. మూడు వందల నలభై పేజీల లెక్కల పుస్తకం అక్టోబరులోగా వాళ్ల చేతుల్లో ఉండాలి. నీ దుబాసీకి ఏం జబ్బో చూడు.

నీ అక్క
ఫిదేలియా


కోర్దొబా,
మార్చి 15

అక్కా,

యూనివర్సిటీలో తరగతులు మొదలయ్యాయి. లైబ్రరీలోని నాలుగు వందల కంప్యూటర్లు నా నెత్తిన ఉన్నాయి, అందుకే పొట్టిగా రాస్తున్నా.

ఆదివారాల పని ఎప్పటిలాగే సాగుతోంది. కాకపోతే దుబాసీ చాలా పెద్ద ఇల్లు. ఒక్కొక్కరం ఒక్కో గది చూసుకుంటాం. నాది తెర మీద అక్షరాలు గీసే గది. తీగ గుండా యంత్రాలతో మాట్లాడే గది వేరేవాళ్లది. అక్కడ నాకేమీ తెలియదు. ఊళ్లో ఎవరి దగ్గరైనా పాత కంప్యూటరు ఉందేమో అడగండి. అది దొరికితే ఈ తంటా అంతా ఉండదు.

గ్రిసెల్దా నిన్ను అడిగానని చెప్పమంది.

రోములో


సుక్రే,
మార్చి 22

ఒరే తమ్ముడూ,

పాత కంప్యూటరు సలహా చెప్పినందుకు సంతోషం. మాకు తట్టలేదనుకున్నావా? ఆసుపత్రి వాళ్లు పారేసినదొకటి తెచ్చాం. ఆరు రోజులు బతికింది.

నీ గది కాదంటావా? తరాబూకో సంతలో అమ్మ కెచువా మాటల్ని స్పానిష్‌లోకీ, స్పానిష్‌ని కెచువాలోకీ మార్చేది, గుర్తుందా? గొర్రెల బేరమైనా, పెళ్లి మాటలైనా, డాక్టరు దగ్గర కడుపునొప్పి సంగతైనా "అది నా వంతు కాదు" అని ఒక్కసారైనా అందా?

సరే, నీకు తీరిక లేకపోతే సగం పని నేనే చేశాను. ఒక పరీక్ష పేజీ తయారుచేశా. ప్రతి వరుసలోనూ అక్షరమాల మొదటినుంచి చివరిదాకా, గడికో అక్షరం చొప్పున వరుస నిండేవరకు మళ్లీ మొదటినుంచి. కొట్టించి వేలితో చదివాను. మొదటి మూడు వరుసలూ శుభ్రంగా ఉన్నాయి. నాలుగో వరుసలోనూ, అక్కణ్ణుంచి ప్రతి మూడో వరుసలోనూ నాలుగు, ఐదు, ఆరో గళ్లు లేవు. ఒక్కోసారి ఏడోది కూడా. చివర్న ఎప్పుడూ పోవు. మూడేసి గళ్ల పొట్టి వరుసలు కొట్టిస్తే ఒక్క గడీ పోలేదు. ముప్పై పేజీలు చదివి మరీ చెప్తున్నా.

ఎవరి గది అయినా సరే, ఈ మాట వాళ్లకి చేరవెయ్యి.

ఫిదేలియా


కోర్దొబా,
ఏప్రిల్ 2

అక్కా,

నీ పేజీ సంగతి నాలుగుసార్లు చదివాను. ఇది ఎవరికైనా చేరవెయ్యాలంటే ముందు నీకొక నిజం చెప్పాలి.

నేను రెండేళ్లుగా దుబాసీ ముఖం చూడలేదు.

తెర మీద కొలతల అంకెలు గీసే తీరులో ఒక బగ్ ఉండేది. సరిచేశాను. నా దగ్గర బాగానే నడిచింది. ఎవరూ అడగకముందే చకచకా పంపించేశాను. అది కొత్త విడుదలలో చేరింది. వారం తిరక్కుండా పెరూ నుంచి ఒక కుట్టు వర్క్‌షాపు వాళ్లు రాశారు. బట్ట కత్తిరింపు గీతలు గీసే వాళ్ల ప్రోగ్రాము తెరుచుకోవడం మానేసింది. పద్దెనిమిది మంది మూడు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నారట. కారణం నా మార్పు. మార్పులన్నీ సరిచూసే ఇంగ్విల్డ్ అనే నార్వే ఆవిడ రెండే ముక్కలు రాసింది: "పరీక్ష జతచేయలేదు. వెనక్కి తీసేశాను."

తిట్టలేదు. తిడితే బాగుండేది. వందలమంది చదివే చోట నా పేరు పక్కన ఆ రెండు ముక్కలూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ తర్వాతి ఆదివారం కంప్యూటరు తెరిచి కూర్చున్నాను, చేతులు కదల్లేదు. ఆ తర్వాత తెరవడమే మానేశాను. ఆదివారాలు గ్రిసెల్దాతో కలిసి వాళ్ల అమ్మ ఇంటికి పోయి మాతే తాగుతూ కూర్చుంటున్నాను. నీకు మాత్రం ప్రతి ఉత్తరంలో "పని సాగుతోంది" అని రాస్తూ వచ్చాను. ఎందుకంటే నువ్వు నలుగురిలో నా గురించి చెప్పుకుంటావని నాకు తెలుసు.

ఇప్పుడు నా అబద్ధాన్ని నమ్మి ప్రెస్సు మొత్తం దాని మీద నిలబెట్టావు. నన్ను క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

రోములో


సుక్రే,
ఏప్రిల్ 4

రోములో,

కంప్యూటరు గొంతు నీ ఉత్తరం చదువుతుంటే మధ్యలో ఆపేశాను. ఆ గొంతుకి సిగ్గూ తెలియదు, ఏడుపూ తెలియదు. నీ మాటలు అలా వినబుద్ధి కాలేదు. క్రిసోలొగోతో చుక్కల్లో కొట్టించుకుని వేలితో చదువుకున్నాను. మూడు, నాలుగు అక్షరాలు పోయాయి గానీ నీ తప్పు మాత్రం పూర్తిగా అచ్చయింది.

కోపం వచ్చింది. రెండేళ్లు! మన మధ్య ఆ అరమరిక ఎప్పుడొచ్చింది? నీకు అయిదేళ్లప్పుడు, ఇంకా బడికి పోకముందే, నా పక్కన బల్ల మీద కూర్చుని చుక్కల్లో నీ పేరు రాయడం నేర్చుకున్నావు. తప్పు కొట్టినప్పుడు కాగితం దాచుకునేవాడివి. నేను తడిమి పట్టుకునేదాన్ని. ఇప్పుడు కోర్దొబాలో ఉన్నావు కాబట్టి చెయ్యి అందలేదు.

విను. ఇరవై ఆరేళ్లుగా తప్పులు పట్టడమే నా ఉద్యోగం. పేజీకి మూడు తప్పులు కొట్టినవాళ్లున్నారు, ముప్ఫై కొట్టినవాళ్లున్నారు. తప్పు కొట్టినందుకు ఏ ఒక్కరూ ప్రెస్సు వదిలి పారిపోలేదు. ఆ నార్వే ఆవిడ నిన్ను పొమ్మనలేదు, పరీక్ష తెమ్మంది. నేనైనా అదే అనేదాన్ని.

ఆదివారం కూర్చో. అత్తగారికి నేను ఉత్తరం రాస్తాలే.

ఫిదేలియా


కోర్దొబా,
ఏప్రిల్ 19

అక్కా,

రెండు ఆదివారాలు కూర్చున్నాను. మొదటిది పాత పాస్‌వర్డు గుర్తు తెచ్చుకోవడానికే సరిపోయింది. రెండోది తీగల గదిలో. ఇంత కంగాళీగా ఉన్న గది మన మేనమామ కొట్టులో కూడా చూడలేదు.

అనుమానం ఎక్కడో చెప్తాను. ప్రోగ్రాము యంత్రానికి ఒక వరుస పంపుతుంది. తర్వాత దుబాసీని "అంతా చేరిందా?" అని అడుగుతుంది. "చేరింది" అంటేనే రెండో వరుస పంపుతుంది. మన దుబాసీ ఆ జవాబు ఎప్పుడు చెప్తోందన్నదే ప్రశ్న. నా దగ్గర యంత్రం లేదు. అందుకే నీ చెవులు కావాలి.

వరుస కొట్టడం పూర్తయ్యాక యంత్రం ఏం చేస్తుంది? ఎంతసేపు ఆగుతుంది? గడియారంతో చూసి చెప్పమని క్రిసోలొగోని అడుగు.

రోములో


సుక్రే,
ఏప్రిల్ 24

తమ్ముడూ,

క్రిసోలొగో గడియారం అమావాస్యకో పున్నానికో తిరుగుతుంది. నేనే కొలిచాను. వరుస కొట్టాక 'కర్ర్' మని కాగితం పైకి జరుగుతుంది. తర్వాత చిన్న నిశ్శబ్దం. మేము దాన్ని "ఊపిరి పీల్చుకోవడం" అంటాం. మామూలు ఊపిరి 'ఆవే మరియా' అనేంతసేపు. ప్రతి మూడు వరుసలకీ ఒకసారి మాత్రం లోపల ఏదో వెనక్కి తిరిగి వస్తుంది, అప్పుడు ఊపిరి పొడుగు, 'ఆవే మరియా' ప్రార్థన సగందాకా చెప్పొచ్చు.

పాత కంప్యూటరు ఉన్నప్పుడు ఆ ఊపిరి పూర్తయ్యాకే కొట్టుడు మొదలయ్యేది. ఇప్పుడు ఊపిరి మధ్యలోనే తీగ దగ్గర, కొత్త వరుస వస్తే వెలిగే చిన్న దీపం వెలిగిపోతోందని క్రిసోలొగో అంటున్నాడు. అంటే యంత్రం నోరు తెరవకముందే ముద్ద పెడుతున్నట్టు. అక్షరాలు పోయేది ఆ పొడుగు ఊపిరిలోనే.

ఇంతకంటే ఏం కావాలో అడుగు. నేను బాగానే ఉన్నాను.

ఫిదేలియా

సెన్యోర్ రోములో, నేను క్రిసోలొగోని. ఉత్తరం పంపే మీట నా చేతిలో ఉంది కాబట్టి ఈ రెండు ముక్కలు. మీ అక్క ఏం బాగాలేదు. అక్షరాలు పోయిన వరుసల్ని వేరే కాగితం మీద సూదితో గుచ్చి, అతికిస్తోంది. రోజుకి డెబ్భై, ఎనభై వరుసలు. చదివే వేలు వాచి నల్లబడింది. ఇప్పుడు ఎడమ చేత్తో చదువుతోంది. చెప్పొద్దంది. నేను చెప్పానని చెప్పకండి, నన్ను కూడా సూదితో గుచ్చుతుంది.


కోర్దొబా,
మే 26

అక్కా,

దొరికింది!

'ఊపిరి' అన్నావు చూడు, ఆ ఒక్క మాట పట్టుకుని పోయాను. దుబాసీ అక్షరాల్ని లినక్స్ చేతిలో పెట్టగానే "చేరింది" అని చెప్పేస్తోంది. లినక్స్ వాటిని తీగలోకి పంపిందా లేదా అని చూడడం లేదు. తపాలా పెట్టెలో ఉత్తరం వేసి "అందింది" అని చెప్పినట్టు. యంత్రం ఊపిరి పీల్చుకుంటుండగా రెండో వరుస మీద పడుతోంది. మొదటి మూడు గళ్లూ దాని నోట్లో పడుతున్నాయి, ఊపిరి ముగిసేదాకా వచ్చేవి కింద రాలిపోతున్నాయి. నీ నాలుగు, ఐదు, ఆరో గళ్ల లెక్క అణువు తేడా లేకుండా సరిపోయింది. పదేళ్లుగా ఆ ముక్క అలాగే ఉంది. కళ్లున్నవాళ్లం ఎంతమందిమి చదివి దాటిపోయామో!

నీ ఒక్కదాని కోసం సరిచేసిన దుబాసీ పంపుతున్నా. ఎక్కించండి. దీన్ని ప్రాజెక్టుకి పంపను. నాకు ఆ ధైర్యం లేదు. నీ పని జరిగితే చాలు.

ఇంకోటి. నీ వేలు ఎలా ఉంది? ఎవరు చెప్పారని అడక్కు. అరమరిక గురించి నాకు పెద్ద ఉపదేశం చేసింది నువ్వేనా? డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన ఏమన్నాడో రాయి. ఆయన అన్నది, నువ్వు అనుకున్నది కాదు.

రోములో


సుక్రే,
జూన్ 3

తమ్ముడూ,

క్రిసోలొగోని సూదితో గుచ్చలేదు. ఒక వేడి వేడి సల్తేన్యా కొనిపెట్టించుకుని, తిని వదిలేశాను.

డాక్టరు అన్నది: నెల రోజులు ఆ వేలికి విశ్రాంతి, పూటకో మాత్ర. చెప్పకుండా దాచింది ఇంకోటి కూడా ఉంది, అది కూడా చెప్పేస్తా. అచ్చు ఆపేద్దామన్న రోజున దోన్ అనీబల్ "మరి ఈ పిచ్చి ప్రయోగానికి ఎవరిది పూచీ?" అని అడిగాడు. నేను కాగితం మీద వేలిముద్ర వేశాను. అక్టోబరుకి పుస్తకం రాకపోతే యంత్రం గోదాములోకి, నేను ఇంటికి. అందుకే గుచ్చుతూ కూర్చున్నాను. ఇప్పుడు ఇద్దరం సమానం.

ఇక నీ సంగతి. ఎక్కించాం. నలభై పేజీలు కొట్టించాం. ఎడమ చేతి వేలితో నలభై పేజీలూ చదివాను. ఒక్క గడి పోలేదు! ఒక్కటంటే ఒక్కటి! క్రిసోలొగో యంత్రానికి ముద్దు పెట్టి మూతికి నూనె పూసుకున్నాడు. ప్రిమితీవా మొదటి అధ్యాయం పట్టుకుని మెట్ల మీద కూర్చుంది, అన్నానికి పిలిస్తే పలకలేదు.

ఇంత ఆనందంలోనూ నీ ఉత్తరంలో ఒక మాట గుచ్చుకుంది. "నీ ఒక్కదాని కోసం." కొత్త దుబాసీ విడుదలైనప్పుడల్లా నువ్వు నాకోసం ప్రత్యేకంగా వండి పంపుతావా? ఇదే యంత్రం కుస్కోలో ఉంది, కీతోలో ఉంది, అసున్సియోన్‌లో ఉందని విన్నాను. వాళ్లందరికీ కోర్దొబాలో తమ్ముళ్లున్నారా? అమ్మ సంతలో మన చుట్టాలకి మాత్రమే మాటలు మార్చిందా?

పరీక్ష జతచేసి పంపు. పరీక్ష ఎలా చెయ్యాలో నా దగ్గర ఇరవై ఆరేళ్ల అనుభవం ఉంది, కావాలంటే అడుగు.

ఫిదేలియా


కోర్దొబా,
జులై 21

అక్కా,

పంపాను. తిరిగొచ్చింది.

నువ్వు కంగారుపడకు, నేనూ పడలేదు. ముందు కాస్త పడ్డాననుకో. మీట నొక్కిన తర్వాత లేచి నాలుగు వీధులు నడిచొచ్చాను. తిరిగొచ్చేసరికి ఇంగ్విల్డ్ జవాబు ఉంది. "అంతా చేరేవరకూ గుమ్మంలో నిలబడి వేచి చూస్తోంది నీ మార్పు. ఎడతెగకుండా మాట్లాడే యంత్రాలుంటే దుబాసీ అక్కడే ఇరుక్కుపోతుంది" అంది. ఆవిడన్నది నిజమే. లైబ్రరీ అటకమీద పాత తూకం యంత్రమొకటి ఉంటే తగిలించి చూశాను. బరువు చెప్పడం మొదలుపెట్టింది, ప్రోగ్రాము రాయిలా బిగుసుకుపోయింది. అప్పటిలా చూసుకోకుండా తోసేసి ఉంటే ఈపాటికి ఎన్ని దుకాణాల్లో తూకాలు ఆగిపోయేవో.

ఈసారి పారిపోలేదు. వేచి చూడకుండా, అందరి పనీ చూస్తూనే, చేరినప్పుడే "చేరింది" అని చెప్పేలా తిరగరాస్తున్నాను. పరీక్షకి రెండు కంప్యూటర్లను తీగతో ఎదురెదురుగా కలిపాను. ఒకటి మీ యంత్రంలా నటిస్తుంది: మూడు వరుసలకోసారి సగం 'ఆవే మరియా' ఊపిరి. నువ్వు మామూలుగా చెప్పేటట్టే ఒకసారి చెప్పి పంపు. నువ్వు సుక్రేవాళ్లలా తీరిగ్గా చెప్తావో, సంతలో వాళ్లలా గబగబా చెప్తావో నాకు తెలియాలి.

రోములో


సుక్రే,
ఆగస్టు 2

తమ్ముడూ,

చెప్పి రికార్డు చేసి పంపాను. మూడున్నర సెకన్లు వచ్చిందని క్రిసోలొగో అంటున్నాడు. దేవుడి ప్రార్థనని పరీక్షలో వాడినందుకు ఫాదర్‌ని అడిగాను. "దేవుడికి బగ్గులు కొత్త కాదమ్మా, మనందర్నీ చేసింది ఆయనే గదా" అన్నాడు.

పుస్తకం రెండు వందల పదో పేజీ. వేలు మళ్లీ చదువుతోంది.

ఫిదేలియా


కోర్దొబా,
సెప్టెంబరు 13

అక్కా,

కూర్చుని విను. క్రిసోలొగోని కూడా పిలువు.

ఏడు సార్లు తిరగరాశాను. ఆరు సార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి ఇంగ్విల్డ్ ఒక గీత ఎక్కువైందని కూడా పంపించేసింది. నిన్న ఏడోది వెళ్లింది. ఇవాళ పొద్దున లైబ్రరీలో కాఫీ చేతిలో పట్టుకుని చూశాను. "పరీక్ష చాలా బాగుంది. తీసుకున్నాం. ఈ అక్షరమాల పేజీ రూపొందించింది ఎవరు?" అని ఉంది. కాఫీ ఒలికింది, పక్కవాళ్లు చూశారు, నేను తుడవలేదు.

నేనేం రాశానో తెలుసా? "సుక్రే బ్రెయిలీ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఫిదేలియా అరాన్సిబియా. మా అక్క. చూపు లేదు. ముప్పై పేజీలు వేలితో చదివి ఈ బగ్ ఉన్న గళ్లు లెక్కపెట్టింది" అని. సాయంత్రానికి పదకొండు మంది జవాబులు రాశారు. మనకెవరికీ తెలియని వాళ్లు. ఒకాయన "నేను ఆ ముక్క రాసినవాణ్ణి. పదేళ్ల తప్పు. మీ అక్కగారికి నమస్కారం చెప్పండి" అన్నాడు. చెప్తున్నాను: నమస్కారం.

ఇంగ్విల్డ్ ఆ మార్పు కింద రెండు వరుసలు పెట్టింది. కనిపెట్టినవారు: ఫిదేలియా అరాన్సిబియా. రాసినవారు: రోములో అరాన్సిబియా. దుబాసీ ఉన్నన్నాళ్లూ ఉంటాయవి. ఎవరు దించుకున్నా నీ పేరు వాళ్ల ఇంటికి వెళ్తుంది. నాన్న బతికి ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడు. ఆయన బదులు నేను లైబ్రరీ అంతా తిరిగి చెప్పాను.

రోములో


సుక్రే,
సెప్టెంబరు 16

తమ్ముడూ,

ఇక్కడ గ్వాదలూపె మాత పండగ. వీధి నిండా డప్పులు, డాన్సులు. ఆ గోలలో క్రిసోలొగో నీ ఉత్తరాన్ని మూడుసార్లు గట్టిగా చదివాడు. మూడోసారికి "పదకొండు మంది" కాస్తా "నూట పదకొండు మంది" అయింది. దిద్దలేదు. తప్పులు పట్టడం ఒక్కరోజు మానేశాను.

పుస్తకం చివరి పేజీ కొట్టేశాక దోన్ అనీబల్ వచ్చి, నేను వేలిముద్ర వేసిన కాగితాన్ని నా చేతిలో పెట్టాడు. "చింపెయ్యండి, దోన్యా ఫిదేలియా" అన్నాడు. ఆయన డైరెక్టరైన పదిహేనేళ్లలో నన్ను గౌరవంగా దోన్యా అనడం అదే మొదలు.

నీ పేరు కింద నా పేరు ఉంటే సరిపోయేది. పైన పెట్టారటగా? ఆ నార్వే ఆవిడకి పెద్దాచిన్నా తెలుసు.

ఫిదేలియా


కోర్దొబా,
అక్టోబరు 20

అక్కా,

ఇది నా మాట కాదు, దుబాసీ కొత్త విడుదల వచ్చిన వారానికి అసున్సియోన్ నుంచి ఒకావిడ రాసింది. అలాగే దించి పంపుతున్నా:

"మా బడిలో ఈ యంత్రం మూడేళ్లుగా గుడ్డ కప్పుకుని పడుంది. చెడిపోయిందనుకున్నాం. నిన్న మళ్లీ తగిలించాం. గ్వారనీ భాషలో కథల పుస్తకం కొడుతోంది. పిల్లలు కాగితం బయటికి రాకముందే లాగేస్తున్నారు. ఫిదేలియా గారెవరో గానీ, ఆవిడ చల్లగా ఉండాలి."

ఆదివారాలు మళ్లీ నావే. కుట్టు వర్క్‌షాపు వాళ్ల పాత బగ్ తీసుకున్నాను. ఈసారి ముందు పరీక్ష రాశాను.

రోములో


సుక్రే,
డిసెంబరు 22

తమ్ముడూ,

ఫలితాలు నిన్న వచ్చాయి. ఐదుగురిలో ముగ్గురు గట్టెక్కారు. మిగతా ఇద్దరూ వచ్చే ఏడు మళ్లీ రాస్తారట, పుస్తకం ఎలాగూ ఉంది. ప్రిమితీవాకి లెక్కల్లో జిల్లాలో రెండో స్థానం. ఫోన్లో వాళ్ల నాన్నకి చెప్తే, గని దగ్గరి హోరులో ఆయనకి వినపడక, "ఎవరు పోయారు?" అని మూడుసార్లు అడిగాడట.

కానీ నీకు చెప్పాల్సింది పరీక్ష రోజు సంగతి. ముందురోజు మా ప్రెస్సు గదికి తాళం వేసి, ఒక అధికారి పక్కన నిలబడగా, క్రిసోలొగో ప్రశ్నపత్రం కొట్టాడు. రహస్యం కాబట్టి నన్ను చదవనివ్వలేదు. ఇరవై ఆరేళ్లలో నా వేలు పడకుండా ప్రెస్సు దాటిన మొదటి కాగితం అదే.

మర్నాడు పిల్లలు చుక్కల్లో రాసే జవాబుల్ని, ఇంకొకరు సిరాతో రాసుకునేలా చదివి చెప్పడానికి నన్ను పక్కగదిలో కూర్చోబెట్టారు. గంట గడిచింది. ప్రిమితీవా గొంతు వినిపించింది.

"సెన్యోరా, పదిహేడో ప్రశ్నకి జవాబు లేదు."

"రాకపోతే వదిలెయ్యమ్మా" అంది పర్యవేక్షకురాలు.

"రాకపోవడం కాదు. లేదు. త్రిభుజం భుజాలు ఐదు, ఏడు, పదమూడు అని ఇచ్చారు. ఐదూ ఏడూ కలిపితే పన్నెండే. పదమూడుని అందుకోలేవు. అలాంటి త్రిభుజం ఉండదు."

ఆవిడ నిట్టూర్చింది. "మీ చుక్కల మిషను ఏదో అంకె మింగేసుంటుంది. నేను ముందే చెప్పా, వీటిని నమ్మొద్దని."

నన్ను పిలిచారు. కాగితం మీద వేలు పెట్టాను. ఐదు. ఏడు. పదమూడు. మూడూ శుభ్రంగా, గట్టిగా, గోరు ఆనేటట్టు ఉన్నాయి. అయినా ఏం లాభం? అసలు ప్రశ్నలో ఏముందో నాకు తెలియదుగా.

"మిషను మింగలేదు సెన్యోరా. మీ కాగితంలో చూడండి" అంది ప్రిమితీవా.

అధికారి సిరా ప్రశ్నపత్రం తెప్పించాడు. కాగితం తిరగేసిన చప్పుడు. ఆయన పైకి చదివాడు: "ఐదు. ఏడు. పదమూడు."

ఆ రోజు పన్నెండు గదుల్లో నాలుగు వందల మంది ఆ ప్రశ్న ముందు కూర్చుని ఉన్నారు, అందరూ చూపున్నవాళ్లు. వాళ్లలో సగం మంది అప్పటికే ఏదో ఒక జవాబు గీకేశారట. గదిగదికీ మనిషిని పంపి పదిహేడో ప్రశ్న రద్దు చేశారు.

పర్యవేక్షకురాలు ప్రిమితీవా బల్ల దగ్గరికి వచ్చింది. ఈసారి మాట మెత్తబడింది.

"ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదే. నువ్వెలా పట్టావమ్మా?"

"చదివాను" అంది ప్రిమితీవా.

నీ అక్క
ఫిదేలియా